చెవులపిల్లి తీగకు ఏ పేరు మేలు: బైలోబానా, పెస్-కాప్రేనా?

సముద్రపు పోటు తాకే చోటుకు కాస్త పైన, చాలా మొక్కలు బతకలేని ఉప్పు ఇసుకలో గణుపు గణుపునా వేళ్లూనుతూ పాకిపోయే తీగను మన కోస్తాలో చెవులపిల్లి తీగ అనీ, బాలబంద తీగ అనీ అంటారు. దాని ఆకు దేవకాంచనం ఆకులా కొసన రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికలో మనవాళ్లకు కుందేలు చెవులు కనిపించాయి, మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు మేక గిట్ట కనిపించింది. పెస్-కాప్రే అంటే మేక పాదం, బైలోబా అంటే రెండు తమ్మెలది. నేటికీ మూలికల పుస్తకాల్లో ఐపోమియా బైలోబా అనీ, వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఐపోమియా పెస్-కాప్రే అనీ ఉండటంతో చదివేవారు ఇవి రెండు వేర్వేరు మొక్కలని పొరబడుతున్నారు.

లిన్నేయస్ 1753లో దీన్ని కన్వాల్వులస్ పెస్-కాప్రే అన్నాడు. అందుకు ఆయన ఉదహరించిన వాటిలో, మలబారు మొక్కలను వర్ణించిన పాత గ్రంథం హోర్టస్ మలబారికస్‌లో మలయాళపు పేరుతో అచ్చయిన ‘షోవన్న-అడంబో’ ఒకటి. వృక్షశాస్త్రజ్ఞుడు ఫోర్స్కాల్ యెమెన్‌లో 1763లో మరణించాక, 1775లో వెలువడిన ఆయన గ్రంథంలో ఐపోమియా బైలోబా అనే పేరు వచ్చింది. మరో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ 1818లో లిన్నేయస్ పేరును ఐపోమియా ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి మాట) మార్చాడు. ఈ మార్పు సరైనదేనని పువ్వును చీల్చి చూస్తే తెలుస్తుంది. ఊదా గులాబీ రంగు గరాటు లోపల, అండాశయం మీది సన్నని కాడ అయిన కీలం చివర, పుప్పొడిని అందుకునే కీలాగ్రం గుండ్రని బొడిపెలా ఉంటుంది. కన్వాల్వులస్ పువ్వులోనైతే అది రెండు సన్నని పోగులుగా చీలి ఉంటుంది.

ఐపోమియా అనే ప్రజాతిలో ఏ పేరు ముందు వచ్చిందన్నదే కొలమానమైతే 1775 నాటి బైలోబాదే పైచేయి. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనపు శాస్త్రజ్ఞులు పాటించిన పద్ధతి ఇదే. బ్రిటిష్ ఇండియా వృక్షజాలాన్ని వర్ణించిన హుకర్ గ్రంథంలో బైలోబా అనే పేరే ఉండటంతో అది మన దేశపు పుస్తకాల్లో పాతుకుపోయింది. అయితే ఇప్పటి అంతర్జాతీయ నియమావళి ప్రకారం మొక్క ఏ ప్రజాతిలోకి మారినా, జాతి స్థాయిలో తొలుత పెట్టిన విశేషణమే (పేరులోని రెండో మాటే) దాని వెంట వెళ్లాలి. కాబట్టి 1753 నాటి పెస్-కాప్రే నిలుస్తుంది. నా మటుకు నాకు ఈ నియమమే న్యాయంగా తోస్తుంది. ప్రజాతి మారిన ప్రతిసారీ విశేషణం కూడా మారితే పాత రాతలను కొత్త రాతలతో ముడిపెట్టే దారమే తెగిపోతుంది. వర్ణనగా బైలోబా మరింత సూటిగా ఉన్నమాట నిజమే, కానీ పేరు పని వర్ణించడం కాదు, గుర్తుపట్టించడం.

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. లిన్నేయస్ అదే పుస్తకంలో కన్వాల్వులస్ బ్రెజిలియెన్సిస్ అని మరో జాతిని కూడా పెట్టాడు. రెండూ ఒకే ఏడాదివి కనుక వాటిని కలిపితే ముందు వెనుకల లెక్క కుదరదు. అలాంటప్పుడు మొదట కలిపిన రచయిత ఎంచుకున్నదే చెల్లుతుంది. 1940లో వృక్షశాస్త్రజ్ఞుడు వాన్ ఓస్ట్‌స్ట్రూమ్ బ్రెజిలియెన్సిస్‌ను పెస్-కాప్రేలో ఉపజాతిగా చేర్చాడు. ఆకు లోతుగా చీలి, ప్రధానంగా హిందూ మహాసముద్ర తీరాల్లో పెరిగేది పెస్-కాప్రే ఉపజాతి. కొసన చిన్న నొక్కు మాత్రమే ఉండి, ఉష్ణమండల తీరాలన్నిటా పరుచుకున్నది బ్రెజిలియెన్సిస్.

వీటిని రెండు జాతులుగా విడదీయడం కన్నా ఉపజాతులుగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. నూగుతో కప్పి ఉన్న వీటి విత్తనాలు ఉప్పునీటిలో తేలుతూ, మొలకెత్తే శక్తి కోల్పోకుండా చాలా దూరం వెళ్లగలవు. అలలే విత్తనాలను ఒక తీరం నుంచి మరో తీరానికి చేరుస్తున్నప్పుడు, కేవలం ఆకు చీలిక లోతును చూసి జాతుల మధ్య గోడ కట్టడం తొందరపాటు.

ఇక తెలుగు పేరును వదులుకోనక్కరలేదు, కానీ దాన్ని ఒంటరిగా వాడకూడదు. డెక్క పోలికతోనే మనం గుర్రపుడెక్క అని పిలిచేది చెరువుల్లో తేలే, ఈ తీగతో ఏ చుట్టరికమూ లేని మరో మొక్కను. అందుకే మొక్క నమూనా చీటీ మీద ‘చెవులపిల్లి తీగ, ఐపోమియా పెస్-కాప్రే’ అని రెండూ రాసి, పక్కనే ఆకు చీలిక ఎంత లోతుందో కొలిచి నమోదు చేయాలి.