క్రూషియల్ 16 జీబీ డీడీఆర్5-5600: రెండు క్లాకుల్లో వినే ర్యామ్

ఇంట్లోని కంప్యూటరుకు ఈమధ్య కొత్త మదర్‌బోర్డు వేయించుకున్నప్పుడు పాత డీడీఆర్4 ర్యామ్ దానికి పనికిరాదని తేలడంతో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి క్రూషియల్ 16 జీబీ డీడీఆర్5-5600 స్టిక్కులు రెండు కొని తెచ్చుకున్నాను. మోడల్ సంఖ్య సీటీ16జీ56సీ46యూ5. రంగుల దీపాలు లేవు, పైన హీట్‌సింక్ లేదు, 1.1 వోల్టుల మీద, మెమరీ ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ నిర్ణయించిన వేగంతో నడవడమే దీని పని. నేను చిప్ వెరిఫికేషన్, అంటే చిప్పుల డిజైన్లలో తప్పులు వెతికే రంగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ సమీక్షలో గేముల ఫ్రేముల లెక్కలు ఉండవు. ఈ స్టిక్కు కొనబోయేవారిని భయపెట్టే రెండు అంకెలు, అంటే పెట్టె మీద కనిపించే 46, కంప్యూటరు సెట్టింగులుండే బయాస్‌లో కనిపించే 2ఎన్, వాటి వెనుక చిప్పు లోపల ఏం జరుగుతుందో చెప్పి, నా అభిప్రాయం చెబుతాను.

దుకాణంలో నా ముందు నిలబడ్డ కుర్రాడు ఇదే స్టిక్కును తిప్పి చూస్తూ, "అన్నా, నా పాతదానికి సీఎల్ 22 ఉండె, దీనికి 46 అంటున్నవ్. సగం స్లో అయితదా?" అని అడిగాడు. "కాదు తమ్మీ, దాని లెక్క వేరు, దీని లెక్క వేరు" అని దుకాణదారు ఊరుకున్నాడు. ఆయన చెప్పింది నిజమే కానీ, ఆ లెక్క కూడా చెప్పి ఉంటే బాగుండేది. సీఎల్ అనేది చదవమన్నాక డేటా మొదలవడానికి పట్టే క్లాకుల సంఖ్య, సమయం కాదు. ఒక్కో క్లాకులో డేటా రెండుసార్లు కదులుతుంది కాబట్టి డీడీఆర్4-3200లో క్లాకు 1600 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో క్లాకు 0.625 నానోసెకన్లు, అలాంటివి 22 కలిస్తే 13.75 నానోసెకన్లు. డీడీఆర్5-5600లో క్లాకు 2800 మెగాహెర్ట్జ్, ఒక్కోటి సుమారు 0.357 నానోసెకన్లు, అలాంటివి 46 కలిస్తే దాదాపు 16.4. తేడా ఉన్న మాట వాస్తవమే, కానీ అది రెట్టింపు కాదు, మూడు నానోసెకన్లు కూడా నిండదు.

ఇక అసలు విషయానికి వస్తే, డీడీఆర్5కు వచ్చేసరికి మారింది వేగం ఒక్కటే కాదు, చిప్పుతో మాట్లాడే పద్ధతి కూడా మారింది. డీడీఆర్‌కు ముందటి పాత ఎస్‌డీర్యామ్ రోజుల్లో చిప్పును పిలిచే చిప్ సెలెక్ట్ తీగను కిందికి, అంటే తక్కువ వోల్టేజీకి, లాగి, రాస్, కాస్, డబ్ల్యూఈ అనే మూడు తీగలను హెచ్చుతగ్గులుగా పెడితే, క్లాకు పైకి లేచే ఒకే ఒక్క అంచున చిప్పు ఆ మూడింటినీ చదివి, ఇది డేటా కణాల వరుసను తెరవమనే ఆజ్ఞా, చదవమనా, రాయమనా, రిఫ్రెష్ చేయమనా అని తేల్చుకునేది. చిరునామా తీగలన్నీ అదే అంచున పక్కపక్కనే సిద్ధంగా ఉండేవి. డీడీఆర్4 కూడా ఇదే సంప్రదాయాన్ని కొనసాగించింది. కాకపోతే వరుసను తెరిచే యాక్టివేట్ ఆజ్ఞకు ప్రత్యేకంగా ఒక తీగను ఇచ్చి, ఆ తీగ కిందికి దిగినప్పుడు రాస్, కాస్, డబ్ల్యూఈ తీగలనే చిరునామాకు వాడుకునే పొదుపు చేసింది. అయినా చిప్పుకు ఆజ్ఞల కోసం, చిరునామాల కోసం వెళ్లే తీగలు ఇరవైకి పైగానే ఉండేవి.

డీడీఆర్5 స్టిక్కులో 64 బిట్ల దారిని 32 బిట్ల చొప్పున రెండు సబ్‌ఛానెళ్లుగా చీల్చారు. ప్రతి సబ్‌ఛానెల్‌కూ దాని ఆజ్ఞల తీగలు దానికి ఉండాలి. పిన్నుల సంఖ్య మాత్రం డీడీఆర్4లో లాగానే 288. అందుకని ఒక్కో చిప్పు వినే సీఏ తీగలను 14కు కుదించారు. సీఏ అంటే ఇక్కడ ఆడిటరు గారు కాదు, కమాండ్, అడ్రస్ రెండూ నడిచే దారి. 14 తీగల మీద ఒకే అంచున అంతా చెప్పడం కుదరదు కనుక పెద్ద ఆజ్ఞలను రెండు ముక్కలుగా చేసి, రెండు వరుస క్లాకుల్లో పంపుతారు. వరుసను తెరవడం, చదవడం, రాయడం, చిప్పు సెట్టింగులుండే మోడ్ రిజిస్టర్లను చదవడం, మార్చడం రెండు క్లాకుల ఆజ్ఞలు. తెరిచిన వరుసను మూసే ప్రీఛార్జి, కణాల్లోని డేటా చెరిగిపోకుండా నిలిపే రిఫ్రెష్ వంటివి ఒక క్లాకుతో సరి.

వరుసను తెరిచే యాక్టివేట్ ఆజ్ఞనే దగ్గరగా చూద్దాం. మొదటి అంచున చిప్ సెలెక్ట్ కిందికి దిగి ఉంటుంది. చిప్పులోని రిసీవర్లు 14 తీగల వోల్టేజీని ఒక ప్రామాణిక వోల్టేజీతో పోల్చి, 0 లేదా 1గా తేల్చి, ఆ అంచునే లాచ్‌లో పట్టేస్తాయి. సీఏ0, సీఏ1 రెండూ కింద ఉంటే అది యాక్టివేట్. సీఏ2 నుంచి సీఏ5 దాకా వరుస చిరునామాలోని మొదటి నాలుగు బిట్లు, తర్వాతి రెండు తీగల మీద బ్యాంకు (వరుసల గుంపు), ఆ తర్వాతి మూడింటి మీద బ్యాంకు గ్రూపు వస్తాయి. రెండో అంచున చిప్ సెలెక్ట్ పైకి లేచి ఉంటుంది, వరుస చిరునామాలో మిగిలిన బిట్లు వస్తాయి. ఈ స్టిక్కులో ఉన్నటువంటి 16 గిగాబిట్ల చిప్పులో ఒక్కో బ్యాంకుకు 65,536 వరుసలు కాబట్టి 16 బిట్లు కావాలి: నాలుగు ముందు, పన్నెండు తర్వాత.

ఈ అమరికలో నాకు బాగా నచ్చినది సీఏ1 తీగ. అది కింద ఉంటే రెండు క్లాకుల ఆజ్ఞ, పైన ఉంటే ఒక క్లాకు ఆజ్ఞ. డీకోడరు పూర్తి ఆజ్ఞ ఏమిటో తేల్చకముందే, వచ్చే అంచున వినాలా వద్దా అన్నది ఈ ఒక్క బిట్టుతో తెలిసిపోతుంది. మన తెలుగు వాక్యంలో తిన్నాడో తినలేదో తెలియాలంటే చివరి పదం దాకా ఆగాలి; ఇక్కడ క్రియ ముందే వస్తుంది, కర్మ తర్వాత వస్తుంది. పైగా మొదటి ముక్కలోనే ఏ బ్యాంకో తెలుస్తుంది.

అయితే మొదటి ముక్కను జాగ్రత్తగా రిజిస్టరులో దాచిపెట్టడం ఎంత ముఖ్యమో, రెండో ముక్కను కొత్త ఆజ్ఞగా పొరబడకపోవడం అంతే ముఖ్యం. మామూలుగా రెండో అంచున చిప్ సెలెక్ట్ పైన ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. కానీ ఒకే దారి మీద ఒకటికి మించి ర్యాంకులు, అంటే కలిసి పనిచేసే చిప్పుల జట్లు, ఉన్నప్పుడు, రీడ్, రైట్ ఆజ్ఞల రెండో అంచున కూడా చిప్ సెలెక్ట్‌ను కిందనే ఉంచితే, "ఇది నీకు కాదు, పక్క ర్యాంకుకు, నువ్వు టెర్మినేషన్ మాత్రం సర్దుకో" అని అర్థం. టెర్మినేషన్ అంటే సంకేతం తీగ చివర తగిలి వెనక్కి తిరగకుండా ఆపే నిరోధం. అంటే చిప్పు క్రితం అంచున ఏం విన్నదో గుర్తుంచుకుంటేనే ఈ అంచున విన్నదానికి అర్థం తెలుస్తుంది. ఇలాంటి చోట్లే మా వెరిఫికేషన్ వాళ్లకు రాత్రి భోజనాలు ఆలస్యమవుతాయి.

ఇప్పుడు 2ఎన్ సంగతి. 1ఎన్‌లో రెండు ముక్కలూ పక్కపక్క క్లాకుల్లో వస్తాయి. 2ఎన్‌లో ఒక్కో ముక్కను రెండు క్లాకుల పాటు తీగల మీద నిలిపి ఉంచుతారు కాబట్టి యాక్టివేట్‌కు నాలుగు క్లాకులు, ప్రీఛార్జికి రెండు పడతాయి. కరెంటు ఇచ్చిన వెంటనే డీడీఆర్5 చిప్పు ఉండే స్థితి కూడా 2ఎన్‌దే. ఎందుకింత జాగ్రత్త అంటే, 0.357 నానోసెకన్లలో బోర్డు మీది తీగలో సంకేతం సుమారు అయిదు సెంటీమీటర్లు మాత్రమే పోగలదు, స్టిక్కు పొడవేమో 13 సెంటీమీటర్లకు పైనే. ఒక్కో సబ్‌ఛానెల్‌లో నాలుగు చిప్పులు ఒకే దారి మీద వరుసగా ఉంటాయి కాబట్టి మొదటి చిప్పు విన్న క్షణానికి చివరి చిప్పుకు ఆ మాట ఇంకా చేరదు.

2ఎన్ కనిపించగానే వేగం సగమైందని బెంగపడేవారు ఈ లెక్క చూడాలి. ఒక రీడ్‌తో 16 విడతల డేటా వస్తుంది, దానికి ఎనిమిది క్లాకులు పడతాయి. 32 బిట్ల సబ్‌ఛానెల్ మీద అది సరిగ్గా 64 బైట్లు, అంటే ప్రాసెసరు ఒక విడతలో తెచ్చుకునే డేటా ముక్క, ఒక క్యాష్ లైను. ఆ ఎనిమిది క్లాకుల్లో, తెరిచి ఉన్న వరుస నుంచే చదువుతుంటే, 2ఎన్‌లో రీడ్ ఆజ్ఞకు నాలుగు పోతాయి. సీఏ దారి ఇంకా సగం ఖాళీ. ఒక చిప్పులో తెరిచిన వరుస 1 కిలోబైటు, నాలుగు చిప్పులకు కలిపి 4 కిలోబైట్లు. అంటే ఒకసారి తెరిస్తే 64 క్యాష్ లైన్లు అక్కడే దొరుకుతాయి. ప్రతి లైనుకూ కొత్త వరుస తెరవాల్సి వస్తే మాత్రం యాక్టివేట్‌కు నాలుగు, రీడ్‌కు నాలుగు, ప్రీఛార్జికి రెండు కలిపి పది అవుతాయి, ఎనిమిదిలో పట్టవు. అక్కడ కూడా రీడ్‌తోపాటే వరుసను మూసేయమని చెప్పే ఆటో ప్రీఛార్జిని వాడితే సరిగ్గా ఎనిమిదికి సరిపోతుంది. నా పనిలో ఎక్కువ భాగం కంపైల్ చేయడం, సిమ్యులేషన్లు నడపడం. 1ఎన్‌తోనూ 2ఎన్‌తోనూ నడిపి చూస్తే నా కంటికి ఆనేంత తేడా ఏమీ కనిపించలేదు. 2ఎన్‌కే వదిలేశాను.

ఇబ్బంది కలిగించేది మొదటిసారి ఆన్ చేయడం. బిల్లు ఇస్తూ దుకాణదారు, "మొదటిసారి స్క్రీన్ రానీకి టైం పడుతది సార్, మధ్యల బందు చెయ్యకుండ్రి" అని మంచి మాట చెప్పాడు. నేనే వినలేదు. నల్లటి తెరను రెండు నిమిషాలు చూసి, ఏదో కాలిపోయిందనుకుని స్విచ్ ఆపేశాను, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. బోర్డు తయారు చేసినవారి పుస్తకంలో దీపాల రంగులు మార్చడానికి నాలుగు పేజీలు కేటాయించారు కానీ ఈ సంగతికి ఒక్క వాక్యం మిగల్చలేదు.

ఆ నిమిషాల్లో జరిగేది శిక్షణ. ఏ క్షణంలో వింటే మాట స్పష్టంగా వినిపిస్తుందో అప్పటికి చిప్పుకూ తెలియదు, దానికి ఆజ్ఞలు పంపే కంట్రోలరుకూ తెలియదు. మరి శిక్షణ మొదలుపెట్టమని చెప్పడమెలా? ఎంపీసీ అనే ఒక క్లాకు ఆజ్ఞను, చిప్ సెలెక్ట్‌ను పలు క్లాకుల పాటు కిందనే ఉంచి, సీఏ తీగలను కదలకుండా నిలిపి, చెవిటి తాతకు నొక్కి చెప్పినట్టు చెబుతారు. ముందు చిప్ సెలెక్ట్ తీగకు, తర్వాత సీఏ తీగలకు సరైన సమయం వెతుకుతారు. సీఏ శిక్షణలో చిప్పు ఏ ఆజ్ఞనూ డీకోడ్ చేయదు. 14 తీగల మీద తాను విన్న బిట్లలో 1లు సరి సంఖ్యలో ఉన్నాయో బేసి సంఖ్యలో ఉన్నాయో చెప్పే ఎక్స్‌ఆర్ ఫలితాన్ని డేటా తీగల మీద తిరిగి చెబుతుంది, అంతే. కంట్రోలరు తన సంకేతాలను కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ, ఆ జవాబు ఎక్కడ సరిగ్గా ఉందో, ఎక్కడ చెడుతోందో చూసుకుని మధ్యలో స్థిరపడుతుంది. డీడీఆర్4లో బయటి నుంచి వచ్చే ప్రామాణిక వోల్టేజీని కూడా ఇప్పుడు చిప్పు తన లోపలే తయారు చేసుకుంటుంది కాబట్టి, దాన్ని కూడా వెతికి పెట్టాలి. ఇదంతా కలిసి ఆ నల్లటి తెర.

నాకు నిజంగా నచ్చనిది ఒకటుంది, అది ఈ స్టిక్కు లోపం కాదు, ఈ తరం డెస్క్‌టాప్ ర్యామ్ అంతటికీ వర్తించేది. డీడీఆర్5లో ఆన్‌డై ఈసీసీ, అంటే చిప్పులోనే తప్పులు దిద్దే ఏర్పాటు, ఉందని ప్రకటనల్లో గొప్పగా రాస్తారు. అది కణాల్లో దాచిన బిట్టు చెడితే సరిదిద్దుతుంది. కానీ ఆజ్ఞ వచ్చే దారిలో బిట్టు చెడితే దానికి తెలియదు. డీడీఆర్4 చిప్పులో ఆజ్ఞలకు, చిరునామాలకు, బిట్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసే ప్యారిటీ తనిఖీ సదుపాయం ఉండేది. డీడీఆర్5లో దాన్ని చిప్పు నుంచి తీసేసి, సర్వర్లలో వాడే స్టిక్కుల మీది రిజిస్టర్ చిప్పుకు అప్పగించారు. మన డెస్క్‌టాప్ స్టిక్కు మీద ఆ రిజిస్టర్ చిప్పు ఉండదు. రెండో అంచున వరుస చిరునామాలో ఒక బిట్టు తప్పుగా వినబడితే, తప్పు వరుసలోని డేటా ఈసీసీ దృష్టిలో నిక్షేపంగా ఉన్నట్టే బయటికి వస్తుంది. శిక్షణకు అంత సమయం ఎందుకు వెచ్చిస్తారో ఇక్కడ అర్థమవుతుంది, 2ఎన్ వదిలేయడానికి నేను తొందరపడకపోవడానికీ ఇదే కారణం.

రెండు స్టిక్కులు పెట్టుకుని, 5600కు అధికారికంగా మద్దతున్న ప్రాసెసరుతో, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా పని చేసుకునేవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తర్వాత ఇంకో రెండు వేసుకోవచ్చులే అనుకుని ఇప్పుడు తక్కువ కొనడం మాత్రం వద్దు. నాలుగు స్టిక్కులైతే ఒకే సీఏ దారి మీద వినేవాళ్లు రెట్టింపై, వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది. క్రూషియల్ పేరిట సాగే వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు దాని మాతృసంస్థ మైక్రాన్ 2025 డిసెంబరులోనే ప్రకటించింది, వారంటీ సేవలు కొనసాగిస్తామని కూడా చెప్పింది. కాబట్టి కొనేవారు జతను ఒకేసారి కొని, బిల్లు భద్రపరచుకుని, మొదటిసారి ఆన్ చేశాక టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోవడం మంచిది.