అలాస్కా తీరానికి ఊరూరా ఆగే విమానమా, ఫెర్రీనా, క్రూజా? ఏది మేలు?

అలాస్కా వెళ్దాం అనుకోగానే సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో చాలామంది మొదట వెతికేది క్రూజ్ టికెట్లే. అది తప్పని అనను. కానీ అదే తీరానికి ఇంకో రెండు దారులున్నాయి. రెండూ అక్కడి ఊళ్ళవాళ్ళు తమ అవసరాలకి వాడుకునే దారులు. వాటి గురించి మనవాళ్ళు మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. ఒకటి ఊరూరా ఆగుతూ పోయే అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం, రెండోది అలాస్కా రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఫెర్రీ. నేనూ మా ఆవిడా ఒక జూన్‌లో విమానంలో జూనో దాకా వెళ్ళాం. మరుసటి ఏడాది అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళతో ఫెర్రీ ఎక్కి పీటర్స్‌బర్గ్ దాకా వెళ్ళి, వెనక్కి మళ్ళీ అదే విమానంలో వచ్చాం. అంటే ఒకే తీరాన్ని పైనుంచీ చూశాను, కిందనుంచీ చూశాను.

ముందు విమానం సంగతి. అక్కడివాళ్ళు దీన్ని మిల్క్ రన్ అంటారు, గుమ్మం గుమ్మానికీ ఆగి పాలు పోసే బండి లాంటిదని. మనకైతే పల్లెవెలుగు బస్సు అంటే ఇట్టే అర్థమవుతుంది. సియాటిల్‌లో బయల్దేరి కెచికన్, ర్యాంగెల్, పీటర్స్‌బర్గ్, జూనో, అక్కణ్ణుంచి యాంకరేజ్. చాలా ఏళ్ళుగా ఈ ఫ్లైట్ నంబరు 65, తిరుగుదారిలో 64. జూనో నుంచి యాకుటాట్, కొర్డోవాల మీదుగా యాంకరేజ్ వెళ్ళే ఇంకో దారి కూడా ఉంది. ఇదేదో చిన్న ప్రొపెల్లర్ విమానం అనుకునేరు, కాదు, మామూలు బోయింగ్ 737. ర్యాంగెల్‌లో ఉండేది రెండు వేల పైచిలుకు మంది. మన దగ్గర అంత జనాభా ఉన్న ఊరికి ఎర్రబస్సు రావడమే గొప్ప, అక్కడ జెట్ విమానం దిగుతుంది.

కారణం లేకపోలేదు. ఈ ఊళ్ళకి బయటి నుంచి రోడ్డు లేదు. జూనో రాష్ట్ర రాజధాని, సుమారు 32,000 జనాభా, దానికీ లేదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మంచుకొండలు. 1978లో అమెరికాలో విమానాల దారుల మీద, టికెట్ల ధరల మీద ప్రభుత్వ అదుపు తీసేసినప్పుడు, లాభం రాని చిన్న ఊళ్ళని కంపెనీలు వదిలేస్తాయని ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అనే పథకం పెట్టారు, నష్టాన్ని కేంద్రం కొంత భరిస్తుంది. ర్యాంగెల్, పీటర్స్‌బర్గ్, యాకుటాట్, కొర్డోవా నాలుగూ ఆ పథకం కిందికే వస్తాయి. 2017లో కడప నుంచి హైదరాబాద్‌కి విమానం మొదలైన మన ఉడాన్ పథకం గుర్తుంది కదా, ఆలోచన అలాంటిదే. 2017 దాకా ఈ దారిలో ముందు సగం సరుకు, వెనక సగం 72 మంది ప్రయాణికులు ఉండేలా మార్చిన 737లు నడిచేవి. ఇప్పుడు సరుకుకి వేరే విమానాలు వచ్చాయి. సరుకంటే ముఖ్యంగా చేప. మే నెలలో కొర్డోవా నుంచి సియాటిల్‌కి తొలి కాపర్ రివర్ సాల్మన్ దిగితే, మనకి బంగినపల్లి మార్కెట్లోకి వచ్చినంత సంబరం చేస్తారు.

చేపంటే గుర్తొచ్చింది. 1987 మార్చిలో జూనో నుంచి యాకుటాట్‌కి ఎగిరిన విమానానికి చేప తగిలింది, గాల్లో! ఒక గద్ద చేపని కాళ్ళతో పట్టుకుని రన్‌వే చివర అడ్డొచ్చింది, విమానాన్ని చూసి చేపని వదిలేసింది, అది వచ్చి కాక్‌పిట్ పైనున్న చిన్న కిటికీకి తగిలింది. యాకుటాట్‌లో దింపి చూస్తే విమానానికి ఏమీ కాలేదు, గద్ద కూడా తప్పించుకుంది. చేప మాత్రమే పోయింది.

సియాటిల్ నుంచి జూనోకి నేరుగా వెళ్ళే విమానం రెండున్నర గంటల్లో దింపేస్తుంది. మిల్క్ రన్‌కి ఐదు గంటలకి పైగానే పడుతుంది. ఆ అదనపు సమయమే నాకు బాగా నచ్చింది. నేరుగా వెళ్ళే విమానం 35 వేల అడుగుల ఎత్తులో పోతుంది, కిందంతా తెల్లటి దూదిపరుపు. ఇదైతే కెచికన్ దాటాక పెద్దగా పైకి పోదు, పోవడానికి దూరమే లేదు. ర్యాంగెల్ నుంచి పీటర్స్‌బర్గ్ 50 కిలోమీటర్లే, గాల్లో ఉండేది పది పదిహేను నిమిషాలు. చక్రాలు లోపలికి పోయిన చప్పుడు విన్న కాసేపటికే మళ్ళీ బయటికొచ్చిన చప్పుడు వింటారు. ఆ కాసేపట్లోనే ఒకవైపు స్టికీన్ నది బురదనీళ్ళు సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగులుగా విడిపోయి కనిపిస్తాయి, కింద దీవులన్నీ అడవితో నల్లపచ్చగా ఉంటాయి, దూరంగా డెవిల్స్ థంబ్ అనే కొండ నిజంగానే బొటనవేలు పైకెత్తినట్టు నిలబడి ఉంటుంది. మొదటిసారి నాకు దాన్ని చూపించింది పక్క సీట్లో ఉన్న పెద్దావిడ. సియాటిల్‌లో మోకాలు చూపించుకుని పీటర్స్‌బర్గ్ ఇంటికి వెళ్తోంది. ర్యాంగెల్‌లో ఎక్కినవాళ్ళలో సగం మందిని పేరుతో పలకరించింది. నేరుగా పోయే విమానంలో అది చూడగలమా?

ఉత్తరానికి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకోండి, మంచుకొండలన్నీ అటే. తిరిగొచ్చేటప్పుడు ఎడమ. జూనోలో దిగేటప్పుడు కొండలు రెక్కకి తగులుతాయేమో అన్నంత దగ్గరగా వస్తాయి, మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భయపడక్కర్లేదు. ఉపగ్రహాల సాయంతో ఆ ఇరుకు సందులోకి కచ్చితంగా దిగే పద్ధతిని ఈ కంపెనీ 1996లో జూనోలోనే మొదలుపెట్టింది. అంతకుముందు మబ్బు పట్టిందంటే దిగకుండా వెనుదిరగాల్సి వచ్చేది.

ఇక ఫెర్రీ. 1963 నుంచి నడుస్తోంది. సియాటిల్‌కి గంటన్నర దూరంలోని బెల్లింగ్‌హామ్‌లో, సాధారణంగా వారానికి ఒక్కసారి, శుక్రవారం సాయంత్రం ఎక్కాలి. కెచికన్ చేరడానికి 38 గంటలు. కారుతో సహా ఎక్కొచ్చు. గది తీసుకుంటే సరే, తీసుకోనివాళ్ళు పై డెక్ మీద టేపులతో టెంట్లు అంటించుకుని పడుకుంటారు. మేం అమ్మానాన్నల కోసం గది తీసుకున్నాం. మా ఆవిడ డబ్బా నిండా పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ సర్దింది. రెండు రోజులు ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు, నాన్న మొదట గింజుకున్నారు, రెండో రోజుకి డెక్ మీద కుర్చీ వదల్లేదు. దారి ఎక్కువ భాగం దీవుల చాటునే కాబట్టి ఓడ ఊగదు, కానీ క్వీన్ షార్లెట్ సౌండ్ దగ్గర కొన్ని గంటలు బయటి సముద్రం తగులుతుంది. అక్కడ అమ్మకి కడుపులో తిప్పింది. మాత్ర ముందే వేసుకోవాల్సింది, అది నా పొరపాటు.

ఇందాక విమానంలో పది పదిహేను నిమిషాలన్న ర్యాంగెల్–పీటర్స్‌బర్గ్ ముక్క ఫెర్రీకి మూడు గంటలు. ర్యాంగెల్ నేరోస్ అని 22 మైళ్ళ సన్నటి పాయ. పాపికొండల దగ్గర గోదావరి ఇరుకయ్యే చోటు మీకు తెలిస్తే దాన్ని ఊహించుకోండి, అలాంటి చోట నాలుగైదు అంతస్తుల ఓడ పోతోందనుకోండి. పోటు, పాటు చూసుకుని గానీ లోపలికి రారు. దారి పొడవునా ఎరుపు, ఆకుపచ్చ గుర్తుదీపాలు, మేం సందెవేళ వెళ్ళాం కాబట్టి అవి ఒక్కొక్కటే వెలుగుతూ కనిపించాయి, ఓడ ఒక దీపం దగ్గర ఇటు, ఇంకో దీపం దగ్గర అటు తిరుగుతూ పోయింది. ఒడ్డున ఇళ్ళు, ఇంటి ముందు పడవలు, ఒక పిల్లవాడు చెయ్యి ఊపితే అమ్మ కూడా ఊపింది. వాడి చొక్కా రంగు కూడా కనిపించేంత దగ్గర. విమానంలోంచి ఈ పాయ నీలం దారంలా కనిపించింది, అంతే.

కాబట్టి తీరం ఎలా ఉంటుందో, ఏ దీవి ఎక్కడుందో, మంచు ఎక్కణ్ణుంచి దిగి సముద్రంలో కలుస్తుందో ఒక్కరోజులో అర్థం కావాలంటే విమానానికి సాటి లేదు. అక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారో చూడాలంటే ఫెర్రీ, ఇంకా చెప్పాలంటే ఫెర్రీ దిగి ఆ ఊళ్ళో రెండు రాత్రులు ఉండటం. పీటర్స్‌బర్గ్‌ని 1890ల చివర్లో పీటర్ బుష్‌మన్ అనే నార్వే మనిషి మొదలుపెట్టాడు, దగ్గర్లోని లెకాంట్ గ్లేసియర్ (కొండల మీంచి మెల్లగా జారే మంచునది) నుంచి కొట్టుకొచ్చే మంచుగడ్డలతోనే చేపలు ప్యాక్ చేసి పంపేవారు. ఇప్పటికీ అది చేపల ఊరే, మనకోసం ముస్తాబైన ఊరు కాదు. పెద్ద క్రూజ్ ఓడలు అక్కడికి రావు. అవి వెళ్ళే జూనోలో ఏమో రద్దీ తట్టుకోలేక రోజుకి ఐదు పెద్ద ఓడలకి మించి రాకుండా 2024 నుంచి ఒప్పందం పెట్టుకున్నారు.

క్రూజ్‌లో సౌకర్యం ఎక్కువ, తిండి ఎక్కువ, చిన్నపిల్లలున్నవాళ్ళకి అదే తేలిక, ఒప్పుకుంటాను. మేం ఎక్కకపోవడానికి పెద్ద కారణం వీసా. సియాటిల్ నుంచి బయల్దేరే ఆ ఓడలు విదేశీ జెండా కిందివి, 1886 నాటి చట్టం ప్రకారం అవి మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి, అందుకే కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. మన పాస్‌పోర్టు ఉండి గ్రీన్ కార్డు లేనివాళ్ళకి కెనడా వీసా కావాలి. మూడు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలకి ఆ కాగితాల టెన్షన్ ఎందుకు? మిల్క్ రన్ మొత్తం అమెరికాలోనే దిగుతుంది, బెల్లింగ్‌హామ్ ఫెర్రీ కూడా కెనడాలో ఆగకుండా నేరుగా కెచికన్ వెళ్తుంది.

విమానానికి ఒక పెద్ద లోపం వాతావరణం. కెచికన్‌లో ఏడాదికి 150 అంగుళాల దాకా వాన పడుతుంది. మబ్బు మరీ కిందికి దిగితే చిన్న ఊళ్ళలో దిగకుండా పైనుంచే వెళ్ళిపోతారు, అప్పుడు మీరు ఐదు గంటలు కూర్చుని చూసేది బూడిదరంగు మాత్రమే. ఫెర్రీలోనైతే వానలోనూ ఒడ్డు కనిపిస్తుంది, మబ్బు కొండల మధ్య వేలాడుతుంటే అదో అందం. అందుకే విమానమైతే మే, జూన్‌లే నా సలహా. అక్కడ వాన తక్కువుండే నెలలవి, జూన్‌లో జూనోలో పగలు 18 గంటలుంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వద్దు.

లాంగ్ వీకెండ్ మాత్రమే ఉంటే వెళ్ళేటప్పుడు మిల్క్ రన్, జూనో పక్కనున్న మెండెన్‌హాల్ గ్లేసియర్ చూసుకుని వచ్చేటప్పుడు నేరుగా వచ్చే విమానం. వారం సెలవుంటే, పెద్దవాళ్ళు తోడుంటే, ఫెర్రీలో వెళ్ళి విమానంలో రండి. ఈ వరుస ముఖ్యం, తిప్పి చెయ్యకండి. నాన్నకి వెనక్కొచ్చేటప్పుడు కుడివైపు సీటొచ్చింది, కొండలు అటు రావని నేను బాధపడ్డాను. పీటర్స్‌బర్గ్‌లో విమానం లేవగానే ఆయన కిటికీకి ముఖం ఆనించి, "ఒరేయ్, మనం వచ్చిన పాయ అదేగా, ఆ పిల్లాడు చెయ్యూపింది ఎక్కడంటావు?" అని ర్యాంగెల్ వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నారు. ముందు విమానంలో వెళ్ళి ఉంటే ఆయనకి అక్కడ వెతకడానికి ఏమీ ఉండేది కాదు.

బుక్ చేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. సియాటిల్–జూనో అని కొడితే వెబ్‌సైట్ నేరుగా వెళ్ళేవాటినే పైన చూపిస్తుంది, కిందికి వెళ్ళి మూడు స్టాపులున్నది, మొత్తం ఒకే ఫ్లైట్ నంబరుతో ఉన్నది ఎంచుకోవాలి. మధ్య ఊళ్ళలో మీరు దిగక్కర్లేదు, సీట్లోనే ఉండొచ్చు.