ఎప్పుడో ఒకసారి ట్రైలర్ లాగడానికి డీజిల్ కావాలా? గ్యాస్ ఎఫ్-250 వాడాక నా లెక్క

టెక్సస్‌లో హెవీ డ్యూటీ పికప్ కొంటున్నానంటే ఎవరైనా ముందు అడిగేది "డీజిలేగా?" అని. ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే క్యాంపింగ్ ఇల్లు) కూడా ఉందని చెబితే ఇక అడగడం కూడా ఉండదు, డీజిలే అని తేల్చేస్తారు. నేను మొదట వెళ్ళిన డీలర్ దగ్గర సేల్స్ కుర్రాడికి గ్యాస్ ట్రక్కు చూపించడానికే మనసొప్పలేదు. ట్రైలర్ పెట్టుకుని గ్యాస్ కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా మార్చుకోవడానికి వస్తారని చెప్పాడు.

నేను వేరేచోట తీసుకున్నది 2020 ఫోర్డ్ ఎఫ్-250, క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, 7.3 లీటర్ల గ్యాస్ ఇంజిన్. (ఇండియాలో చదివేవాళ్ళకు: గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోల్, సిలిండర్ కాదు.) ఏళ్ళు గడిచాయి, మార్చుకోవడానికి వెళ్ళలేదు. అలాగని డీజిల్ దండగ అని చెప్పను. మా తోడల్లుడు గారు దాదాపు నాతోపాటే డీజిల్ తీసుకున్నారు. రెండు కుటుంబాలం కలిసి వెళ్ళినప్పుడల్లా తాళాలు మార్చుకుని, నా ట్రైలర్‌నే ఆయన ట్రక్కుతోనూ లాగి చూశాను. కాబట్టి ఇక్కడ రాసేది బ్రోషర్ చూసి రాసేది కాదు.

నా ట్రైలర్ 28 అడుగులది. నీళ్ళు, సామాన్లు, ప్రొపేన్ అన్నీ ఎక్కించాక 7,500 పౌండ్లు తూగుతుంది. ఎండలు ముదరకముందు, మళ్ళీ చలికి ముందు ఇంక్స్ లేక్, టెక్సోమా, బ్రోకెన్ బో లాంటి దగ్గరి చోట్లకు వెళ్తాం. వేసవి సెలవుల్లో కొలరాడో. మిగతా ఏడాదంతా ఆ ట్రక్కు పని పిల్లల్ని బడిలో దింపడం, ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తాలు తేవడం, హోమ్ డిపో. మన వాళ్ళలో ట్రైలర్ ఉన్న చాలామంది వాడకం ఇంచుమించు ఇదే.

లాగే బలం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి అనవసరంగా ఎక్కువ మాట్లాడుకుంటారు. నా 7.3 ఇంజిన్‌ది 430 హార్స్‌పవర్, 475 పౌండ్-ఫీట్ టార్క్ (అంటే చక్రాలను తిప్పే బలం). అదే ఏడాది అదే ట్రక్కులో వచ్చిన 6.7 డీజిల్‌ది 475 హార్స్‌పవర్, 1,050 టార్క్. కాగితం మీద టార్క్ రెట్టింపు పైనే. కానీ డాలస్ చుట్టుపక్కల 7,500 పౌండ్ల ట్రైలర్‌కి ఆ తేడా దాదాపు తెలియదు. హైవే ర్యాంప్ మీద నాది కాస్త గొంతు పెంచి అందుకుంటుంది, డీజిల్ గొంతు పెంచకుండా అందుకుంటుంది. అంతే.

అసలు తేడా కొండల్లో. కొలరాడోలో ఐ-70 మీద ఐజెన్‌హవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తులో ఉంటుంది. టర్బో లేని గ్యాస్ ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం తగ్గుతుంది. అంటే ఆ టన్నెల్ దగ్గరికి వచ్చేసరికి నా 430లో మూడో వంతు గాలిలో కలిసినట్టే. డీజిల్‌లో టర్బో ఉంటుంది కాబట్టి పల్చటి గాలిని కూడా కుక్కి లోపలికి తోస్తుంది, ఎత్తు పెద్దగా తెలియనివ్వదు. ఆ ఎక్కుడులో నేను ఎమర్జెన్సీ లైట్లు వేసుకున్న పద్దెనిమిది చక్రాల లారీల వెనకాల, కుడి లేన్‌లో, 45 మైళ్ళ వేగంతో, ఆర్‌పీఎం ముల్లు 4,500 దాటి ఎక్కుతుంటాను. తోడల్లుడు గారు 2,000 చిల్లరలో కబుర్లు చెప్పుకుంటూ పక్క నుంచి వెళ్ళిపోతారు.

గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఒకసారి ఆ ఎక్కుడులో వెనక సీట్లో కూర్చుంది. కాసేపు చూసి చూసి, "ఒరేయ్, అది అట్లా అరుస్తుంటే కాసేపు పక్కకి ఆపరా, పాపం" అంది. ఇంజిన్‌కి ఏమీ కాదమ్మా, దాని టార్క్ మొత్తం దొరికేదే 4,000 దగ్గర, అరవడానికే అట్లా కట్టారు అని చెప్పాను. నమ్మలేదు. నిజానికి చాలామంది గ్యాస్ ట్రక్కు అమ్మేసేది ఈ చప్పుడుకి భయపడే, బలం చాలక కాదు. టెంపరేచర్ ముల్లు కదలనంతవరకు ఆ మోత వినడం అలవాటు చేసుకోవాలి. అలవాటు కానివాళ్ళకు ప్రతి కొండా టెన్షనే, వాళ్ళు డీజిల్‌కి వెళ్ళడమే మంచిది.

ఎక్కడం సరే, దిగడంలోనే నేను డీజిల్‌ని చూసి కుళ్ళుకుంటాను. టన్నెల్ దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగేటప్పుడు 7 శాతం వాలు, బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన ర్యాంపులు కూడా కట్టి పెట్టారు. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే టర్బో రెక్కలు మూసుకుని పొగ దారిని బిగబడతాయి, ఆ ఒత్తిడికి బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. మొత్తం వాలు పెడల్ మీద కాలు పెట్టకుండా దిగాను. నా దాంట్లో టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు పట్టి ఉంచే సెట్టింగ్) వేసి, పైనే వేగం తగ్గించుకుని, మూడో గేర్‌లోనో నాలుగో గేర్‌లోనో దించాలి. గేర్‌బాక్స్ బాగానే పట్టి ఉంచుతుంది, కానీ మధ్యమధ్య ఒకసారి గట్టిగా బ్రేక్ నొక్కి, వేగం దిగాక వదలాలి. కాలు అదేపనిగా పెడల్ మీద ఆనించి ఉంచితే బ్రేకులు వేడెక్కి కింద వాసన మొదలవుతుంది. ఆమరిల్లో దగ్గర పాలో డ్యూరో కేన్యన్‌లోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. దూరం తక్కువ కాబట్టి సరిపోయింది గానీ, అలాంటివి రోజూ దిగాలంటే నేను డీజిలే కొనేవాణ్ణి.

ఇక ఎవరూ చెప్పని విషయం, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పసుపు రంగు స్టిక్కర్. మనుషులు, సామాన్లు కలిపి ఇంతకు మించి వేయొద్దని అందులో పౌండ్లలో రాసి ఉంటుంది. అదే పేలోడ్. ఎంత లాగగలదు అన్నది ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేస్తారు, ఎంత మోయగలదు అన్నది ఈ స్టిక్కర్‌కి వదిలేస్తారు. ఎఫ్-250 లాంటి ముప్పావు టన్ను ట్రక్కుల్లో ఎక్కువ వాటికి బండి, బరువు అన్నీ కలిపి 10,000 పౌండ్ల దగ్గర గీత గీస్తారు. డీజిల్ ఇంజిన్, దాని సరంజామా గ్యాస్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు. ఆ ఎక్కువ బరువంతా మీ పేలోడ్‌లోంచే పోతుంది. నా స్టిక్కర్ మీద మూడు వేల పైన ఉంది, తోడల్లుడు గారి స్టిక్కర్ మీద రెండు వేల చిల్లర.

లెక్క చూడండి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి, తగ్గితే వెనక ట్రైలర్ తోక ఊపుతుంది. నాకు అది దాదాపు 1,000 పౌండ్లు. బరువు పంచే హిచ్ ఇంకో 100. ఐదుగురం కూర్చుంటే 700. వెనక బెడ్‌లో జనరేటర్, కూలర్లు, సైకిళ్ళు, మా ఆవిడ వదలని గ్రైండర్ కలిపి 400. మొత్తం 2,200. నా ట్రక్కులో ఇంకా చోటుంది, డీజిల్‌లో అప్పటికే గీత మీదకి వచ్చేశాం. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ట్రక్కు బెడ్‌లోనే పిన్‌తో తగిలించేది) అయితే కథ ఇంకా ముదురుతుంది. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ 20 శాతం పిన్ మీద వేస్తే అదే 2,400. డీజిల్ ముప్పావు టన్ను దాన్ని నవ్వుతూ లాగుతుంది, స్టిక్కర్ మాత్రం ఒప్పుకోదు. అందుకే ఫిఫ్త్ వీల్ కొనేవాళ్ళు చివరికి ఎఫ్-350 లాంటి ఒక టన్ను ట్రక్కుల దగ్గరికి వెళ్తారు.

ఈ అంకెలు నోటిమాటగా నమ్మొద్దు. పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీలు తూచే కాటా ఉంటుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ మూడో దాని మీద వచ్చేలా ఆపి బటన్ నొక్కితే, దేని మీద ఎంత పడుతోందో విడివిడిగా చీటీ ఇస్తారు. భోజనానికి అయ్యేంత కూడా అవదు. ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించి ఒకసారి తూయించుకుంటే అనుమానాలన్నీ తీరిపోతాయి.

డబ్బు సంగతి. కొత్తది కొంటే డీజిల్ ఇంజిన్‌కి అటూఇటూగా 10,000 డాలర్లు అదనం. నా వాడకంలో గ్యాస్ ఖాళీగా గ్యాలన్‌కి 13 మైళ్ళు, ట్రైలర్‌తో 8 లేదా 9. తోడల్లుడు గారి డీజిల్ ఖాళీగా 17, ట్రైలర్‌తో 11 లేదా 12. ఏడాదికి 10,000 మైళ్ళు, అందులో 3,000 ట్రైలర్‌తో అనుకోండి. గ్యాస్ 3 డాలర్లు, డీజిల్ 3.60 దగ్గర ఉందనుకుంటే డీజిల్ వల్ల మిగిలేది ఏటా 250 డాలర్లు. అది కూడా చేతికి రాదు. నా ఇంజిన్‌కి 8 క్వార్ట్‌ల ఆయిల్ చాలు, ఫోర్డ్ 6.7 డీజిల్‌కి 13 కావాలి. రెండు ఫ్యూయెల్ ఫిల్టర్లు, పైగా పొగ శుభ్రం చెయ్యడానికి డెఫ్ అనే యూరియా ద్రావణం. అమ్మేటప్పుడు డీజిల్‌కి మంచి ధర వస్తుంది, నిజమే, పెట్టిన పదివేలలో కొంత అప్పుడు వెనక్కి వస్తుంది. కానీ గ్యాలన్ల మీద ఆదా అవుతుందని డీజిల్ కొంటే ఆ లెక్క ఈ జన్మలో తేలదు. టెక్సస్‌లో మా కౌంటీల్లో గ్యాస్ బండికి ఏటా ఎమిషన్ టెస్ట్ ఉంటుంది, డీజిల్‌కి ఉండదు. ఆ మినహాయింపు చెప్పి మా తోడల్లుడు గారు నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఆయన్ని నేను ఆటపట్టించేది పొగ ఫిల్టర్ గురించి. డీజిల్ పొగలోని మసిని ఒక ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. అది నిండుతున్నప్పుడు బండే వేడి పెంచి ఆ మసిని కాల్చేస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. అందుకు హైవే మీద కొంతసేపు ఆపకుండా నడవాలి. ఆయనకేమో ఇంటి నుంచే ఉద్యోగం, బడి మూడు మైళ్ళు. ఇంజిన్ వేడెక్కేలోపు ఇల్లు వచ్చేస్తుంది. కాల్చడం మొదలవడం, మధ్యలో ఆగిపోవడం, చివరికి ఫిల్టర్ నిండింది, నడిపి శుభ్రం చెయ్యి అని డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక. ఇప్పుడాయన ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో బయల్దేరి సామ్ రేబర్న్ టోల్‌వే మీద అటూ ఇటూ తిరిగి వస్తారు. టోల్ కట్టి మరీ పొగగొట్టం కడుక్కోవడం అని మా ఆవిడ నవ్వుతుంది. ట్రక్కు తప్పు కాదు. బరువు వేసుకుని దూరం వెళ్ళడానికి చేసినదాన్ని మూడు మైళ్ళ బడికి తిప్పితే అంతే.

రోడ్డు మీద డీజిల్‌కి ఒక పెద్ద సుఖం ఉంది, అది ఒప్పుకోవాలి. ట్రైలర్‌తో లారీల లేన్‌లోకి తిన్నగా వెళ్ళి, డీజిల్, డెఫ్ రెండూ అక్కడే పట్టించుకుని తిన్నగా బయటకు రావచ్చు. గ్యాస్ బండి కార్ల పంపుల మధ్య దూరాలి. మూల తిప్పేటప్పుడు ట్రైలర్ వెనక భాగం పంపు స్తంభానికి తగులుతుందేమోనని ఒకరు దిగి చూడాలి. బకీస్ అనే పెద్ద బంకుల్లో పద్దెనిమిది చక్రాల లారీలను రానివ్వరు, పంపులు బోలెడు, అక్కడ నాకు హాయి. అయితే విచిటా ఫాల్స్ దాటాక 287 హైవే మీద ఎదురుగాలి మొదలైతే మైలేజ్ 7కి పడిపోతుంది. నా 34 గ్యాలన్ల ట్యాంకుతో 200 మైళ్ళకే పంపు వెతుక్కోవాలి. ఆ దారిలో చిల్డ్రెస్ దగ్గర ఆగడం మాకు ఇక ఆచారమైపోయింది.

ఒకవేళ మీ దారి కొండలైతే, లేదా 12,000 పౌండ్ల పైమాట లాగేదుంటే, లేదా రిటైరై ఏడాదిలో సగం రోడ్డు మీదే ఉండాలనుకుంటే డీజిల్ కొనండి, అది కూడా ఒక టన్నుదే చూడండి. పాతది కొనేవాళ్ళు సంవత్సరం చూసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్యూయెల్ పంపు ఏ రకమో ముందు కనుక్కోండి. బాష్ సీపీ4 పంపు లోపల అరిగి విరిగితే లోహపు రజను ఇంజెక్టర్ల దాకా పాకుతుంది, ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాల్సి వస్తుంది, బిల్లు పదివేల డాలర్ల దాకా పోవచ్చు. రామ్ కంపెనీ 2019, 2020 కమిన్స్ డీజిల్ ట్రక్కులను ఇందుకే వెనక్కి పిలిచి పాత సీపీ3 పంపు వేశారు, ఆ పని జరిగిందో లేదో చాసిస్ నంబర్‌తో చూసుకోవచ్చు. జీఎం వాళ్ళ డ్యురామ్యాక్స్ డీజిల్ అయితే 2017 నుంచి వేరే కంపెనీ పంపు. పొగ ఫిల్టర్ పీకేసి "డిలీట్ చేశాం, ఇప్పుడు సూపర్‌గా లాగుతుంది" అనే బండి జోలికి వెళ్ళొద్దు, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. చివరిగా డాష్‌బోర్డ్ మెనూలో మొత్తం ఇంజిన్ గంటలు, ఊరికే ఆన్‌లో ఉన్న గంటలు విడిగా కనిపిస్తే చూడండి. మైళ్ళు తక్కువగా ఉండి ఊరికే నడిచిన గంటలు ఎక్కువగా ఉంటే ఆ ఫిల్టర్ మసితో చాలా కుస్తీ పట్టి ఉంటుంది, ధర దగ్గర బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.