సునామీ కబురు: కేబుల్ మేలా, బోయ్ మేలా?

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా విజయవాడలో మా ఇంటి వంటగదిలో గిన్నెలు గలగలమన్నాయి. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం అది. చెప్పులు కూడా వేసుకోకుండా నాలుగంతస్తులూ దిగి రోడ్డు మీదకు వచ్చాం. కాసేపటికి నిజాంపట్నం నుంచి బాబాయి ఫోన్.

"ఏరా అబ్బాయ్, సముద్రం ఏమన్నా పొంగుద్దా?"

"నేల మీద వచ్చింది బాబాయ్, సముద్రానికేం కాదు" అన్నాను.

"మరి సముద్రంలోనే వస్తే మాకు ఎవరు చెప్తారు? ఎంత ముందు చెప్తారు?"

అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. సముద్రంలో తేలే బోయ్‌లతోనే కాదు, అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుళ్లతో కూడా ఆ కబురు పట్టొచ్చంటున్నారు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదంతా ఆయన ప్రశ్నను ముందు పెట్టుకునే రాస్తున్నాను.

2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర భూమి కంపించింది మన టైం ప్రకారం ఉదయం ఆరున్నరకు. అల మన తీరానికి రావడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. మంగినపూడిలో పుణ్యస్నానాలకు దిగినవాళ్లకు ఆ రెండున్నర గంటల్లో ఒక్క కబురూ అందలేదు. అప్పటికి మనకు సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో అది 2007లో మొదలైంది.

ఇప్పుడు ఆ కేంద్రానికి కబురు మూడు దారుల్లో అందుతుంది. భూకంపాన్ని సీస్మోగ్రాఫ్‌లు పట్టుకుంటాయి. తీరంలో నీటి మట్టాన్ని టైడ్ గేజ్‌లు చూస్తాయి. నడిసముద్రంలో పని బోయ్‌లది. అడుగున కూర్చున్న ప్రెషర్ సెన్సర్ తన మీదున్న నీటి బరువులో వచ్చే తేడాను కొలుస్తుంది. ఆ లెక్కను శబ్దం రూపంలో పైకి పంపితే, నీటి మీద తేలే బోయ్ దాన్ని శాటిలైట్‌కి చేరవేస్తుంది. ఆ సెన్సర్ వేల మీటర్ల లోతులో ఉండి కూడా అల ఎత్తులో సెంటీమీటరు తేడాను పసిగట్టగలదు. కానీ బోయ్‌ను బతికించుకోవడమే కష్టం. తుఫాన్లు కొడతాయి, పడవలు తగులుతాయి, బ్యాటరీలు అయిపోతాయి. ప్రతిసారీ ఓడ వెళ్లి బాగుచేయాలి.

ఇక కేబుల్ సంగతి. ఇంటర్నెట్ కోసం సముద్రం అడుగున వేసిన ఫైబర్‌లోకి లేజర్ పల్స్‌లు పంపితే, గాజులోని అతి సూక్ష్మమైన లోపాల నుంచి కొంత కాంతి వెనక్కి వస్తుంది. నేల కదిలి ఫైబర్ పిసరంత సాగినా ఆ వెనక్కి వచ్చే కాంతి మారుతుంది. అంటే ఒడ్డున ఒక పెట్టె పెడితే చాలు, కొన్ని మీటర్లకొక సెన్సర్ ఉన్నట్టే. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే బే దగ్గర 20 కిలోమీటర్ల ఫైబర్‌ను ఇలా వాడి చూస్తే భూకంపంతో పాటు అలల కదలికలు కూడా కనపడ్డాయి. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దగ్గరైతే తిమింగలాల కూతలు విన్నారు. నాకు మహా అద్భుతంగా అనిపించిన సంగతి ఇది.

అయితే ఈ పద్ధతి తీరం నుంచి మొదటి రిపీటర్ (దారిలో బలహీనపడిన కాంతికి మళ్లీ బలం ఇచ్చే పరికరం) దాకానే, అంటే సుమారు వంద కిలోమీటర్ల వరకే బాగా పనిచేస్తుంది. అంతకు మించి వినాలంటే మామూలుగా డేటా మోస్తున్న కాంతిలోనే వచ్చే తేడాలు చూడాలి. లాస్ ఏంజెలెస్ నుంచి చిలీ వరకు ఉన్న గూగుల్ వాళ్ల క్యూరీ కేబుల్‌లో 2020 జనవరిలో జమైకా దగ్గర వచ్చిన 7.7 భూకంపం అలాగే తెలిసింది. కాకపోతే ఇంత పొడవున్న తీగలో కదలిక ఎక్కడ పుట్టిందో తేల్చడం కష్టం. బ్రిటన్ నుంచి కెనడా వెళ్లే కేబుల్‌లో రిపీటర్ల మధ్య ఒక్కో ముక్కను ఒక్కో సెన్సర్‌గా వాడి, దీనికి దారి ఉందని 2022లో చూపించారు.

మరి బాబాయికి ఏది మేలు? మొదట్లో నేనూ కేబులే అనుకున్నాను. లెక్క వేస్తే వేరేగా తేలింది. సుమత్రాలో పుట్టిన కంపనం మన సీస్మోగ్రాఫ్‌లకు చేరడానికి నాలుగైదు నిమిషాలు చాలు. అల మాత్రం లోతు నీళ్లలో గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వచ్చినా గంటలు పడుతుంది. కేబుల్ ఒకటి రెండు నిమిషాలు ముందు చెప్పినా నిజాంపట్నానికి పెద్ద తేడా ఉండదు. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) ఉన్నవాళ్లకైతే ఆ నిమిషాలే ప్రాణాలు. చెన్నై నుంచి అండమాన్‌కు 2020లో ప్రారంభించిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ఆ దీవులను కలుపుతూ, భూమి పలకలు ఒరుసుకునే చోటికి దగ్గరగానే వెళ్తుంది. దాన్ని వినే పెట్టె అక్కడ పెట్టాలి. అది నా గట్టి అభిప్రాయం.

మన తీరానికి కావాల్సింది భూకంపం వచ్చిందన్న కబురు కాదు, అల పుట్టిందా లేదా అన్నది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పక్కనే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. అందరం టెన్షన్ పడ్డాం. కానీ అక్కడ పలకలు పైకి లేవలేదు, పక్కకు జరిగాయి. పెద్ద అల రాలేదు. అలాంటి రోజున నేల ఊగిందన్న సంగతి కేబుల్ ఎంత బాగా చెప్పినా, వేటకు పోవాలో వద్దో బాబాయికి తేలదు. సునామీ ఎత్తును నమ్మకంగా కొలిచే స్థాయికి ఈ కాంతి పద్ధతి ఇంకా రాలేదు. ప్రెషర్ సెన్సర్ ఆ పని చేస్తుంది. పదిసార్లు ఉత్తుత్తి హెచ్చరిక వింటే పదకొండోసారి ఊళ్లో ఎవరూ కదలరు కాబట్టి, నాకు ఇదే ముఖ్యం.

బోయ్ కష్టాలు లేకుండా ప్రెషర్ సెన్సర్ దొరికే దారి ఒకటుంది. కొత్తగా వేసే కేబుల్ రిపీటర్ల దగ్గరే ప్రెషర్, ఉష్ణోగ్రత, కంపనం కొలిచే సెన్సర్లు పెట్టడం. కరెంటు కేబుల్ నుంచే వస్తుంది, కబురు కాంతి వేగంతో ఒడ్డుకు చేరుతుంది. 1755లో లిస్బన్‌ను భూకంపం, సునామీ ముంచిన సంగతి పోర్చుగల్ మర్చిపోలేదు. అజోర్స్, మదీరా దీవులకు వేసే కొత్త కేబుల్‌లో ఇవి పెట్టాలని నిర్ణయించుకుంది. 2011 సునామీ తర్వాత జపాన్ అచ్చంగా దీనికోసమే 150 స్టేషన్లతో కేబుళ్లు వేసుకుంది. అంత ఖర్చు మన వల్ల అవుతుందని నేను అనుకోను. ఇంటర్నెట్ కేబుల్‌తో కలిపి వేస్తే మాత్రం సాధ్యమే.

కాబట్టి ఉన్న బోయ్‌లను తీసేయొద్దు, వాటి మరమ్మతులకు డబ్బు ఆపొద్దు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్‌తో పాటు సముద్ర కేబుళ్ల గేట్‌వే కూడా వస్తుందని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఆ కేబుళ్లలో సెన్సర్లు ఉంటాయా అని మన ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఇప్పుడే అడగాలి. ఒకసారి అడుగుకు దించిన కేబుల్ పాతికేళ్లు అలాగే ఉంటుంది, తర్వాత రిపీటర్ విప్పి సెన్సర్ పెట్టడం కుదిరే పని కాదు.

ఇదంతా మొన్న ఫోన్లో చెప్తే బాబాయి అంతా విని, "అయితే ఆ తీగ ఎప్పుడేస్తారంట?" అని అడిగాడు.