కుక్కకి ట్రైనింగ్: క్లిక్కరా, నోటిమాటా?

క్లిక్కర్ అంటే నొక్కితే 'టక్' మనే చిన్న పరికరం, నోటిమాట అంటే 'గుడ్' లాంటి మెచ్చుకోలు. రెండూ చేసే పని ఒకటే: కుక్క సరిగ్గా చేసిన క్షణాన్ని దానికి తెలియజేయడం, వెంటనే తినడానికి ఏదో ఒకటి పెట్టడం.

ఖర్చు: క్లిక్కర్ కొనాలి, పెద్ద ఖరీదేం కాదు. మాట ఉచితం.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. క్లిక్ ఎప్పుడూ ఒకేలా వినిపిస్తుంది, కూర్చోగానే 'టక్' మంటే ఏ పనికి మెచ్చుకున్నామో కుక్కకి స్పష్టంగా తెలుస్తుంది. 'గుడ్' మాత్రం మన మూడ్‌ని బట్టి మారిపోతుంది. కానీ ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో చికెన్ ముక్కలు (ఉప్పూకారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించినవి) ఉంటే క్లిక్కర్ ఎక్కడ పట్టుకుంటాం?

రిస్క్: కొన్ని కుక్కలు క్లిక్‌కి బెదురుతాయి. నొక్కి ముక్క పెట్టకపోతే ఆ శబ్దానికి విలువ పోతుంది, మాటకీ అంతే.

షేక్‌హ్యాండ్ లాంటివి కొంచెం కొంచెంగా నేర్పాలంటే క్లిక్కర్. రోజూ వీధిలో నడకకి, దీపావళి టపాసులకి మంచం కింద దూరే కుక్కకి మాటే నయం, అయితే ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి.