1981లో కొన్న మాసీ 1035: రంగు వేయించకుండానే ఎందుకు అమ్ముతున్నాను

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో, 1981లో మా నాన్నగారు పసుపు అమ్మిన డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి ఈ మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరును కొత్తగా కొన్నారు. అప్పటి నుంచి ఇది మా చేతుల్లోంచి మరొకరి చేతికి మారలేదు. మొదటి పదేళ్లు నాన్నగారు, తర్వాత నేను నడిపాము. దమ్ము (నీళ్లు పెట్టిన మడిని బురద చేయడం), దుక్కి, ఎరువు తోలడం, మిర్చి యార్డుకు టిక్కీల (మిర్చి బస్తాల) ట్రక్కు లాగడం, అన్నీ దీనితోనే చేశాము. ఇప్పుడు మోకాళ్లు సహకరించక అమ్ముతున్నాను. బేరానికి వచ్చిన మధ్యవర్తి ఒకరు, "బాబాయిగారూ, ముందు రంగేయించండి, ముప్పై వేలు ఎక్కువ పలుకుతుంది" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో నాలుగు రోజుల్లో పాత బండిని పెళ్లికొడుకును చేసే పనివాళ్లు ఉన్నారు.

అయినా నేను ఒప్పుకోలేదు. పాత ట్రాక్టరు కొనేవాడు చూడవలసింది తళుకు కాదు, ఆయిల్ కారిన జాడలు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య జాయింటు దగ్గర ఎంత చెమ్మ ఉంది, గేర్లను కప్పి ఉంచే ఇనుప హౌసింగ్‌కు ఎక్కడైనా వెల్డింగ్ అతుకు పడిందా, బోల్టుల తలలు ఎన్నిసార్లు విప్పినట్లు అరిగాయి, నంబరు పలకకు ఉన్న రివెట్లు మొదటివేనా అన్నవి పాత రంగు మీదే కనిపిస్తాయి. కొత్త రంగు ఒక్క పూత పడితే ఇవన్నీ మూసుకుపోతాయి. మా బండి బోనెట్ ఎరుపు ఎండకు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది, ఎడమ మడ్‌గార్డు అంచు తుప్పుకు తినిపోయింది, గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది. హౌసింగ్‌కు మాత్రం ఎక్కడా అతుకు లేదు.

ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా నచ్చినది దీని లిఫ్ట్, అంటే వెనుక తగిలించిన నాగలిని, గొర్రును ఎత్తి దించే అమరిక. ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన, పనిముట్టును మూడు కడ్డీలతో ట్రాక్టరుకు తగిలించే మూడు లింకుల పద్ధతి నేటి ట్రాక్టర్లన్నింటికీ మూలమే అయినా, ఆయన కంపెనీ 1953లో మాసీ హ్యారిస్‌తో కలిసిపోయిన తర్వాత వచ్చిన 35 మోడలు, మద్రాసులో 1960లో ఏర్పడిన ట్యాఫే అనే ట్రాక్టర్ల కంపెనీ ద్వారా మన దేశానికి చేరి, దాని వారసత్వంగా ఈ 1035లోకి దిగింది. నాగలి నేలలో లోతుకు దిగి బరువెక్కినప్పుడు పై లింకు ముందుకు నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని స్ప్రింగు ద్వారా హైడ్రాలిక్ కవాటం గ్రహించి నాగలిని కొద్దిగా పైకెత్తుతుంది, ఎత్తిన బరువు వెనుక చక్రాల మీదికి వచ్చి వాటికి పట్టు పెరుగుతుంది. తేలికైన బండి నల్లరేగడిలో జారకుండా దున్నగలగడానికి కారణం ఇదే. డ్రైవరు చెయ్యి లీవరు మీద లేకపోయినా నాగటి చాలు ఒకే లోతున వస్తుంది. అయితే దమ్ములో ఈ అమరిక వల్ల ప్రయోజనం లేదు. బురదలో గొర్రుకు ఎదురు ఉండదు కనుక, అక్కడ ఎత్తును స్థిరంగా నిలిపే రెండో లీవరునే వాడుకోవాలి. కొత్త డ్రైవర్లు ఈ రెండు లీవర్ల తేడా తెలియక లిఫ్ట్‌ను తిట్టుకోవడం చాలాసార్లు చూశాను.

ఈ లిఫ్ట్ విషయంలోనే మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. హైడ్రాలిక్ పంపు గేర్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, రెండింటికీ ఆయిల్ ఒక్కటే. గేరు లీవర్ల రబ్బరు తొడుగులు చిరిగితే వాననీరు, కడిగిన నీరు అదే దారిన లోపలికి దిగుతాయి. మా బండి రెండు వానకాలాలు చూరు కింద సగం తడుస్తూ నిలిచింది. ఆయిల్ పాలలా తెల్లబడినా నేను పట్టించుకోకపోవడంతో పంపు అరిగిపోయి, నాట్ల హడావుడి మధ్యలో గొర్రు లేవడం మానేసింది. దాన్ని బాగుచేసిన మొదటి మెకానిక్ పాత ఆయిల్‌నే వడగట్టి తిరిగి పోశాడు, నెల తిరగకుండా రెండోసారి విప్పవలసి వచ్చింది. అప్పటి నుంచి తొడుగులు ప్రతి ఏడూ మారుస్తున్నాను. కొనేవారు లిఫ్ట్‌ను చల్లటి ఆయిల్‌తో పరీక్షించి సంతోషపడవద్దు. గంటసేపు పని చేయించి, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక బరువైన గొర్రును ఎత్తించి ఇంజను ఆపి చూడాలి. మా బండిలో పావుగంటకు గొర్రు బెత్తెడు దిగుతుంది. అంటే లిఫ్ట్ సిలిండరు రింగులు అరిగి ఉండవచ్చు, ఎత్తగలుగుతోంది కనుక పంపు బాగానే ఉంది.

ఇంజను మూడు సిలిండర్లది, 35 హార్స్‌పవర్ తరగతి. రెండుసార్లు విప్పించి పిస్టన్లు, రింగులు మార్పించాము, రెండోసారి 2009లో. గొర్రు పనిలో గంటకు నాలుగు లీటర్ల చుట్టూ డీజిల్ తీసుకుంటుంది. వేసవిలో ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది కానీ, ధనుర్మాసం తెల్లవారుజామున రెండు మూడు సార్లు తిప్పాలి, కాసేపు తెల్లపొగ వస్తుంది. గాలి వడపోతకు ఆయిల్ గిన్నె ఉంటుంది. పొడిదుక్కి రోజుల్లో దానిని రోజూ కడగకపోతే ఇంజను ఆయుష్షు సగమైపోతుంది.

బ్రేకులు ఆయిల్‌లో మునిగేవి కావు, పొడివి. ఇరుసు సీలు కారితే లైనింగు తడిసి బండి ఒక పక్కకు లాగుతుంది, కుడివైపుది ఇప్పుడు మార్చవలసి ఉంది. పవర్ స్టీరింగ్ లేదు, ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్ను బుష్‌లు అరిగి స్టీరింగ్ కొంచెం వదులుగా ఆడుతుంది. రేకు సీటు మీద, గేర్‌బాక్సుకు చెరోవైపు కాళ్లు పెట్టి కూర్చోవాలి కనుక, మే నెలలో దాని వేడి పిక్కలకు తగులుతుంది.

తిరిగే కత్తులతో మట్టిని పొడిచేసే పెద్ద రోటావేటరు కోసం దీనిని కొనవద్దు, రేగడిలో ఇంజను ఏడుస్తుంది. అయిదారు ఎకరాల మాగాణి ఉన్నవారికి, లేదా పాతకాలపు యంత్రాన్ని మొదటి రూపంలోనే ఉంచుకోవాలనుకునే వారికి ఇది తగినది. ఈ వరుస ట్రాక్టర్లు ఇంకా తయారవుతున్నందున సామాను దొరుకుతుంది. కానీ పాత కొలతలకు సరిపోయేవి ఏరుకోవడానికి అరిగిన పాత విడిభాగాన్ని చేత్తో పట్టుకొనే ఆటోనగర్ వెళ్లాలి.

కాగితాల సంగతి. మొదటి పదిహేనేళ్లు పూర్తయ్యాక అయిదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ అమలులో ఉంది, పేరు మార్పిడికి 29, 30 నంబరు ఫారాలపై సంతకం చేసి ఇస్తాను. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ కార్లకూ సంబంధించినవి కనుక, ట్రాక్టరుకు వింటేజ్ నంబరు పలక వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అడుగుతున్నది లక్షా పదిహేను వేలు, దమ్ము చక్రాలు అందులోనే. చూడదలచినవారు ఉదయం ఏడులోపు రండి. ఇంజను చల్లగా ఉందని చెయ్యి వేసి చూసుకున్నాకే తాళం ఇస్తాను.