మెటాడోర్ కిటికీల బీడింగు రబ్బరు: ఆరు వానాకాలాల తరువాత

మా మెటాడోర్ వ్యాను వెనుక కిటికీ చుట్టూ తిరిగిన రబ్బరు రెండు కొసలూ ఒకచోట కలుస్తాయి. ఆ అంగుళం చోటు మీద నాకు కలిగిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఈ సమీక్ష చాలామటుకు దాని గురించే.

వ్యాను 1991 నాటిది. లోపల మంచం, చిన్న పొయ్యి, నీళ్ల డబ్బా అమర్చుకుని పర్లాకిమిడి నుండి కొండల వైపు వెళ్లి వస్తుంటాము. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు బండి మా పెరట్లోనే ఉన్నది. మరునాడు తలుపు తీసి చూస్తే పరుపు పిండుకునేటంత తడిసి, మంచం కింది ప్లైవుడ్డు ఉబ్బిపోయి ఉన్నది. బండితో పాటు వచ్చిన పాత రబ్బరు అప్పటికే గోరుతో గీరితే పెళుసుగా రాలిపోతున్నది కనుక, తప్పు గాలివానది కాదు, నాదే.

2019 ఫిబ్రవరిలో బరంపురంలో ఒక దుకాణంలో మీటర్ల లెక్కన అమ్మే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు తెచ్చి అన్ని బిగింపు అద్దాలకూ వేయించాను. ఒక గాడిలో 5 మిల్లీమీటర్ల అద్దం, రెండో గాడిలో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. పైనున్న సన్నని చీలికలోకి ఫిల్లర్ పట్టీ దూర్చగానే రబ్బరు విచ్చుకుని రెండింటినీ బిగించి పట్టుకుంటుంది. మేస్త్రి గ్రీజు రాసి ఎక్కిస్తానంటే నేను ఒప్పుకోలేదు. పెట్రోలియం నూనెలు తగిలితే ఈపీడీఎం ఉబ్బుతుంది కనుక సబ్బునీళ్లే వాడించాను. గాడిలో సన్నని తాడు చుట్టి, అద్దాన్ని బయటి నుండి ఒకరు నొక్కుతుండగా లోపలి నుండి మరొకరు ఆ తాడును మెల్లగా లాగుతూ పోతే, రబ్బరు పెదవి దానంతటదే రేకు అంచు మీదికి ఎక్కుతుంది. ఫిల్లరు దూర్చడానికి మేస్త్రి సైకిలు పుల్లను వంచి తయారు చేసుకున్న పనిముట్టు ఎంత చక్కగా పనిచేసిందంటే, పని అయిపోయాక నేను దానిని అడిగి తీసుకున్నాను.

ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఎండకూ గాలిలోని ఓజోనుకూ మామూలు రబ్బరులా పగిలిపోయే గుణం దీనికి లేదు కనుక, ఇక ఇరవై ఏళ్లు కిటికీల వైపు చూడనక్కరలేదని బండ్లున్న మిత్రులందరికీ గట్టిగా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉన్నది.

2021 జూలైలో టెక్కలి నుండి వచ్చిన మా మామగారిని వెంటబెట్టుకుని మహేంద్రగిరి వైపు వెళ్లాము. 1501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీదికి వానలో వెళ్లడం మంచిది కాదని కిందనే ఒక ఊరి బడి పక్కన బండి నిలుపుకుని పడుకున్నాము. అర్ధరాత్రి దాటాక మామగారు లేచి, "అల్లుడుగారూ, కప్పు కారుతున్నట్టుంది" అన్నారు. టార్చి వేసి చూస్తే కప్పు పొడిగానే ఉన్నది. వెనుక కిటికీ ఎడమ మూల నుండి నీరు బొట్లుబొట్లుగా ఆయన తలగడ మీదికి దిగుతున్నది. తెల్లవార్లూ ఆ మూల కింద గిన్నె పెట్టుకుని కూర్చున్నాము. ఆయన మళ్లీ ఆ ప్రస్తావన ఎత్తలేదు కాని, తరువాత రెండు ప్రయాణాలకు రాలేదు.

తిరిగి వచ్చాక ఒక వర్కుషాపులో చూపిస్తే, నీరు కనిపించిన ఎడమ మూలకు రబ్బరు అంచు పొడుగునా సందులు మూసే సిలికాన్ జిగురు పూసి పంపించారు. పూసినప్పుడు పచ్చళ్లలో వేసే వెనిగర్ వంటి ఘాటు వాసన వచ్చింది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుందని, రంగు పోయిన రేకుకు అది తగిలితే తుప్పు పడుతుందని అప్పటికి నాకు తెలియదు. తరువాతి వానకే మళ్లీ నీరు వచ్చింది. ఈసారి కొంచెం తక్కువగా వచ్చింది కనుక తగ్గిందని నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి మిగిలిన నీరు బయటికి పోయే దారి లేక సిలికాన్ వెనుక నిలిచిపోతున్నది.

2022 మే నెలలో ఓపిక చేసుకుని నేనే కూర్చున్నాను. మా అబ్బాయిని టార్చితో లోపల ఉంచి, బయట చెంబుతో నీళ్లు కింది అంచు నుండి మొదలుపెట్టి జానెడు జానెడుగా పైకి పోస్తూ వచ్చాను. ముందే పైనుండి పోస్తే నీరు అన్ని చోట్లకూ పారి ఏ సందు దోషమో తేలదు. ఎడమ మూలలో ఎంత పోసినా లోపల ఏమీ లేదు. కింది అంచు నడిమధ్య, రబ్బరు కొసలు కలిసే చోట చెంబు వంచితే, రెండు నిమిషాలు గడిచాక ఎడమ మూలలో బొట్టు కనబడిందని అబ్బాయి కేక వేశాడు. అతుకు దగ్గర దూరిన నీరు రబ్బరు గాడిలోనే కాలువలో పారినట్టు మూల దాకా వెళ్లి అక్కడ బయటపడుతున్నదన్నమాట. వర్కుషాపు వారు మూసింది నీరు బయటికి వచ్చే దారిని. లోపలికి వచ్చే దారి కింది అంచు నడుమ ఉన్నది.

ఫిల్లరు లాగి చూస్తే కొసల మధ్య నా చిటికెనవేలి గోరంత ఎడం ఉన్నది. 2019లో మేస్త్రి రబ్బరును సైకిలు ట్యూబులాగా సాగదీసి బిగించి, సరిగ్గా కలిసే చోట కోశాడు. సాగిన రబ్బరు ఏళ్ల మీద తన పొడవుకు తాను తిరిగి వెళ్లిపోయింది. సరుకులో లోపం లేదు, చేతిలో ఉన్నది. మూలలో సిలికాన్ గీకి తీసేసరికి కింద అరచేతి వెడల్పున తుప్పు బయటపడింది. దానిని మెరిసే దాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేసి ఆరబెట్టడానికే వారం పట్టింది. ఆ తరువాత కొత్త రబ్బరు చుట్టను విప్పి ఒక రోజంతా ఎండలో చాపినట్టు పరిచి ఉంచి, మూడు మీటర్ల చుట్టుకొలతకు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, ఆ ఎక్కువ పొడవును నొక్కి నొక్కి గాడిలోనే సర్దాను. అతుకును ఈసారి పై అంచుకు, కప్పు మీది వాననీటిని పక్కకు మళ్లించే గట్టరు నీడలోకి మార్చాను. అప్పటి నుండి 2024 వానాకాలం చివరి దాకా ఆ కిటికీ నుండి తడి లేదు.

ఇంకొక చిన్న మాట. డీజిలు పోసే మూత పైనున్న పక్క కిటికీ రబ్బరు కింది భాగం మెత్తబడి అలలు తేలింది. డీజిలు చిందినప్పుడల్లా అదే గుడ్డతో నేను కిటికీ అంచు కూడా తుడిచేవాడిని. తలుపుల జారుడు అద్దాలకు ఈ రబ్బరు పనికిరాదు. అవి జారే మెత్తటి గాడి, వెల్వెట్ ఛానెల్ అంటారు, వేరే కథ.

రబ్బరు మట్టుకు ఈ రోజుకూ నొక్కితే వేలికి మెత్తగానే తగులుతున్నది కనుక, మళ్లీ అదే కొంటాను. అయితే మా బండి రాత్రుళ్లు రేకుల షెడ్డు కింద ఉంటుంది, నెలకు రెండుసార్లకు మించి కదలదు, బాడీ అంచు రేకు ఎక్కడా సొట్టపడలేదు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలిలో ఆరుబయట నిలిపేవారికి, అంచు రేకు వంకర తిరిగిన బండ్లవారికి నా అనుభవం ఎంతవరకు సరిపోతుందో వారే చూసుకోవాలి. కుడిపక్క ముందు కిటికీకి మాత్రం 2019లో వేసిన రబ్బరే, కింది అతుకుతోనే ఉన్నది. మొన్న దాని సందులోకి పోస్టుకార్డు అంచు పెట్టి చూస్తే దూరింది. దసరా వెళ్లాక దానిని కూడా విప్పుతాను. మిగిలిన రబ్బరు చుట్ట, సైకిలు పుల్ల పనిముట్టు మంచం కింద ఉంచాను.